ఫాదర్ హెన్రీ నౌవెన్: ఒక గురువు ఒంటరితనం

తపస్కాలపు వడకాలలో తప్పిపోయిన కుమారుని ఉపమానం మీద ప్రసంగం వినని కుటుంబం మన తెనాలి, బాపట్ల, రేపల్లె విచారణల్లో ఉండదనుకుంటాను. ఆ ప్రసంగంలో రెంబ్రాంట్ గీసిన చిత్రం తరచుగా ప్రస్తావనకు వస్తుంది. చినిగిన బట్టలతో మోకరించిన కొడుకు, ముందుకు వంగి అతని వీపు మీద రెండు చేతులూ ఆనించిన ముసలి తండ్రి. ఆ చేతుల్లో ఒకటి తండ్రి చెయ్యిలా బలంగానూ, రెండవది తల్లి చెయ్యిలా మెత్తగానూ ఉంటుందని ప్రసంగీకులు చెబుతారు. ఈ సంగతిని లోకమంతటికీ తెలియజెప్పిన పుస్తకం 1992లో వెలువడింది. రాసినవారు హాలెండు దేశపు గురువు ఫాదర్ హెన్రీ నౌవెన్. ఆయన దాదాపు 40 పుస్తకాలు రాశారు. మా తరం గురువులలో, మఠకన్యలలో ఆయన పుస్తకం ఒక్కటైనా తిరగెయ్యనివారు అరుదు.

ఆయన 1996 సెప్టెంబరు 21న మరణించారు. అప్పటికి పాఠకులెవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఫాదర్ నౌవెన్ మనసు స్త్రీల వైపు కాక పురుషుల వైపు మొగ్గేది. చిన్ననాటి నుంచే తనకది తెలుసునని అతి దగ్గరివారికి మాత్రమే చెప్పుకున్నారు. 1999లో మైకేల్ ఫోర్డ్ రాసిన జీవిత చరిత్రతో అది బయటివారికి తెలిసింది. 2016లో అచ్చయిన ఆయన లేఖల సంపుటిలోనూ ఆ ప్రస్తావన ఉంది. గురుపట్టం నాడు స్వీకరించిన బ్రహ్మచర్యాన్ని ఆయన చివరిదాకా నిలబెట్టుకున్నారని ఆయనను దగ్గరగా ఎరిగినవారు చెబుతారు.

చనిపోయిన గురువు దాచుకున్న మాట మనకెందుకని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆయన బ్రతికి ఉండగా ఈ వ్యాసం రాయడం పాపమయ్యేది. ఇప్పుడు ఆ సంగతి పుస్తకాలకెక్కి పాతికేళ్ళు దాటింది. మన ఇళ్ళలో కూడా ఇదే భారంతో నోరు మెదపకుండా తిరిగే కొడుకులున్నారు, కూతుళ్ళున్నారు. వారి తల్లిదండ్రులకు ఈ గురువు జీవితం పనికివస్తుందని నా నమ్మకం.

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. మన పత్రికలు ఇటువంటివారిని స్వలింగ సంపర్కులని రాస్తాయి. సంపర్కం అనేది ఒక పని. ఫాదర్ నౌవెన్ విషయంలో అటువంటి పనే లేదు. ఆయనను ఆ మాటతో పిలవడం, ఎన్నడూ దొంగతనం చెయ్యని పేదవాడిని దొంగ అనడం లాంటిది. సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు నేర్పిన పాత విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. మనిషి ఎవరు, అతనికి ఏమి కలుగుతుంది, అతడు ఏమి చేస్తాడు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జ్ఞానస్నానం నాడే జవాబు వచ్చింది: దేవుని బిడ్డ. మూడవదానికి మనిషే బాధ్యుడు. రెండవది, అంటే ఆ మొగ్గు, అతడు కోరి తెచ్చుకున్నది కాదు. ఊళ్ళో జనం ఈ మూడింటినీ ఒక్క మూటగా కట్టి ఒక బూతుమాటతో ముడివేస్తారు. పదిహేనేళ్ళ పిల్లవాడు బడి దగ్గర ఆ మాట విని, అది తనకే తగిలిందని గ్రహించి, ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పలేక ఊరుకుంటాడు.

హెన్రీ 1932 జనవరి 24న నైకెర్క్ పట్టణంలో పుట్టారు. నలుగురు పిల్లలలో పెద్దవారు. తండ్రి న్యాయవాది, తరువాత న్యాయశాస్త్ర ఆచార్యులు. గట్టి మనిషి, కొడుకుల నుంచి గెలుపు కోరేవాడు. తల్లి మరియ భక్తిపరురాలు. బుడతడికి పూజ చెయ్యడమే ఆట. అది చూసి అమ్మమ్మ వడ్రంగి చేత చిన్న పూజపీఠం చేయించింది, దర్జీ చేత పిల్లవాడి కొలతకు పూజవస్త్రాలు కుట్టించింది. మన ఇళ్ళలోనూ దుప్పటి కప్పుకుని అప్పం ఎత్తి చూపించే పిల్లలుంటారు. వారిలో కొందరు నిజంగానే గురువులవుతారు.

1957 జూలై 21న ఉట్రెక్ట్ అగ్రపీఠానికి గురువుగా అభిషేకం పొందారు. పై చదువుకు వేదాంతం బదులు మనస్తత్వశాస్త్రం చదువుతానని అడిగి అనుమతి పొందారు. ఆ కాలపు గురువుకు అది సామాన్యమైన కోరిక కాదు. తన మనసును తానే అర్థం చేసుకోవాలన్న తపన కూడా అందులో ఉండి ఉంటుందని నా ఊహ. 1964లో అమెరికా వెళ్ళి, మనోవైద్యానికి పేరుపొందిన మెన్నింగర్ సంస్థలో రెండేళ్ళు నేర్చుకున్నారు. తరువాత నోటర్ డామ్, 1971 నుంచి పదేళ్ళు యేల్, 1983 నుంచి హార్వర్డ్ విశ్వవిద్యాలయాల్లో బోధించారు. యేల్, హార్వర్డ్‌లు అమెరికాలోనే పెద్ద పేరున్నవి. ఆయన తరగతులకు విద్యార్థులు కిక్కిరిసి వచ్చేవారు. పొడుగాటి చేతులు ఊపుతూ, డచ్చి యాసతో, చెమటలు కక్కుతూ మాట్లాడేవారు.

రాత్రి అయ్యేసరికి మాత్రం ఆయన మరొక మనిషి. వేళాపాళా లేకుండా స్నేహితులకు ఫోన్లు చేసేవారు. ఏదో విషయం ఉండి కాదు, అవతల ఒక మనిషి ఉన్నాడని తెలియడానికి. ఎవరైనా ఉత్తరానికి జవాబివ్వకపోతే, పుట్టినరోజు మరిచిపోతే, పసివాడిలా నొచ్చుకునేవారు. 1972లో గాయపడిన వైద్యుడనే భావం మీద ఆయన రాసిన పుస్తకం ఎందరో గురువులకు ఆధారమయింది. తన గాయమేదో మాత్రం అందులో చెప్పలేదు. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనెసీ ట్రాపిస్టు మఠంలో ఏడు నెలలు సన్యాసులతో ఉండి, రొట్టెలు కాల్చారు, రాళ్ళు మోశారు. అక్కడి మఠాధిపతి మనోవైద్యుడు కూడా. మౌనంలో ఉంటే కుదుటపడతానని వెళ్ళిన మనిషి, పోస్టులో తనకు ఉత్తరాలు రాలేదేమని కుమిలిపోయినట్టు తానే దినచర్యలో రాసుకుని అచ్చువేయించారు. అటువంటి సంగతులు దాచకుండా రాయడం వల్లనే జనం ఆయనను తమవాడనుకున్నారు. ఒక్కటి మాత్రం దాచారు. ఆ ఒక్కటీ దాచడానికి ఎంత శక్తి ఖర్చయి ఉంటుందో ఊహించండి.

1985లో హార్వర్డ్ వదిలేశారు. ఫ్రాన్సులోని ట్రోస్లీ గ్రామంలో, బుద్ధిమాంద్యం గలవారు, వారికి సహాయకులు ఒకే ఇంట్లో కుటుంబంలా బ్రతికే లార్ష్ సంఘంలో ఏడాది గడిపారు. లార్ష్ అంటే ఫ్రెంచి భాషలో ఓడ, నోవా ఓడ. మన దేశంలో ఆ సంఘం మొదటి ఇల్లు ఆశానికేతన్ పేరుతో 1970లో బెంగళూరులో మొదలయింది. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పకుండా దాటలేను. ఫాదర్ నౌవెన్‌ను పిలిచిన లార్ష్ స్థాపకుడు జాన్ వానియే, ఆధ్యాత్మిక సలహా పేరుతో తన దగ్గరకు వచ్చిన స్త్రీలను లైంగికంగా వాడుకున్నాడని 2020లో ఆ సంఘమే జరిపించిన విచారణ తేల్చింది. లోకం మహాత్ముడన్నవాడు అలా తేలాడు. లోకం తెలిస్తే రాయి విసురుతుందేమోనని భయపడిన గురువు మాట నిలబెట్టుకున్నాడు. ఎవరి వైపు మనసు మొగ్గుతుందో తెలిసినంత మాత్రాన ఎవరి శీలమూ తెలిసిపోదు.

1986 ఆగస్టులో కెనడాలోని టొరంటో దగ్గర డేబ్రేక్ అనే లార్ష్ సంఘానికి ఆత్మగురువుగా వెళ్ళారు. అక్కడ ఆయనకు అప్పగించిన మొదటి పని ప్రసంగం కాదు. ఆడమ్ అనే యువకుడున్నాడు. మాటరాదు, తానుగా నడవలేడు, తరచు మూర్ఛలొస్తాయి. రోజూ ఉదయం అతనిని లేపి, స్నానం చేయించి, గడ్డం గీసి, బట్టలు తొడిగి, పక్కన కూర్చుని ఫలహారం తినిపించాలి. దానికి రెండు గంటలు పట్టేది. కాఫీ పెట్టుకోవడం కూడా సరిగా రాని ఆచార్యుడికి మొదట్లో చేతులు వణికాయి. ఆడమ్‌కు ఆయన పుస్తకాలు తెలియవు, హార్వర్డ్ తెలియదు, ఆయన మనసు ఎటు మొగ్గుతుందో తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. చేతులు తొందరపడితే మాత్రం తెలిసేది, ఒళ్ళు బిగుసుకుపోయేది. ఆడమ్ 1996 ఫిబ్రవరిలో చనిపోయాడు. అతని గురించి ఫాదర్ నౌవెన్ రాసిన చిన్న పుస్తకం ఆయన పోయిన తరువాతి ఏడాది వచ్చింది. ఆయన పుస్తకాల్లో ఒక్కటే చదవగలిగినవారు అదే చదవాలని నేనంటాను.

డేబ్రేక్‌లో ఆయనకు ఒక మిత్రుడు దొరికాడు. ఇన్నేళ్ళూ బిగబట్టిన ఆప్యాయత ఒక్కసారిగా ఆ స్నేహం మీద ఒరిగింది. ఆ మిత్రుడు మంచివాడే, కాని ఒక మనిషి మొత్తం బరువును మరొక మనిషి ఒంటరిగా మొయ్యలేడు. అతను దూరం జరిగాడు. 1987 చివరికి ఫాదర్ నౌవెన్ కుప్పకూలిపోయారు. నిద్ర లేదు, తిండి లేదు, గంటల తరబడి ఏడుపు. ప్రపంచానికి ప్రార్థన నేర్పినవారికి ప్రార్థన నోట రాలేదు. వినిపెగ్ నగరంలో ఆరు నెలలకు పైగా ఇద్దరు సలహాదారుల సంరక్షణలో ఉన్నారు. మరీ నిబ్బరం తప్పినప్పుడు వారిలో ఒకరు ఆయనను బిడ్డను పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని కూర్చునేవారు. ఆ రోజుల్లో రాసుకున్న రహస్యపు డైరీని, స్నేహితులు బలవంతపెట్టగా, ఎనిమిదేళ్ళ తరువాత 1996లో ప్రచురించారు.

డేబ్రేక్ సంఘం ఏం చేసిందన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది. పేరు చెడుతుందని భయపడి ఆయనను ఉట్రెక్ట్‌కు తిప్పి పంపలేదు. ఆయన లేనిరోజుల్లో ఆయన చోటును మరొకరికి ఇవ్వలేదు. మనుషులు చూడడానికి వెళ్ళారు. 1988 మధ్యలో తిరిగివస్తే మళ్ళీ అదే గది, అదే పీఠం. దూరం జరిగిన మిత్రునితో స్నేహం కూడా మెల్లగా, ఎవరి హద్దులు వారెరిగి, మళ్ళీ చిగిర్చింది. అప్పటి నుంచి ఆయన ఒక్క మనిషినే పట్టుకోలేదు. పదిమందిని పట్టుకోవడం నేర్చుకున్నారు. తప్పిపోయిన కుమారుని మీద పుస్తకం రాసింది ఈ దెబ్బ తిన్న తరువాతనే.

1992లోనే వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2357 నుంచి 2359 దాకా మూడు పేరాల్లో ఈ విషయం మాట్లాడుతుంది. స్వలింగ సంపర్క క్రియలను శ్రీసభ అంగీకరించదు. అటువంటి మొగ్గు గలవారిని గౌరవంతో, కనికరంతో, సున్నితంగా చేరదీయాలనీ, అన్యాయమైన వివక్ష చూపరాదనీ కూడా అదే చెబుతుంది. పవిత్రంగా జీవించడానికి వారికి ఉన్న ఆధారాలను చెబుతూ ఆత్మనిగ్రహాన్నీ, ప్రార్థననూ, దివ్యసంస్కారాల కృపనూ చెప్పి, వాటి సరసనే స్వార్థంలేని స్నేహాన్ని పేర్కొంటుంది. మనం మొదటి వాక్యాన్ని బాగా జ్ఞాపకం పెట్టుకున్నాం. స్నేహాన్ని గురించిన వాక్యం మీద ప్రసంగం నేనైతే వినలేదు.

మన ఇళ్ళలో ఏం జరుగుతుందో చూడండి. ముప్పై దాటిన అబ్బాయి సంబంధాలు వద్దంటాడు. తల్లి ఏడుస్తుంది, తండ్రి మాట్లాడడం మానేస్తాడు, మేనమామ వచ్చి గద్దిస్తాడు. చివరికి ఫాదర్ గారు చెబితే వింటాడని వెంటబెట్టుకొస్తారు. అబ్బాయి నేల చూపు చూస్తాడు. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని పెద్దలు తీర్మానిస్తారు. సర్దుకోదు. ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తన వ్యాధుల పట్టిక నుంచి తీసివేసింది. జబ్బు కానిదానికి పెళ్ళి మందెలా అవుతుంది? అవతల ఒక ఆడపిల్ల ఉందని ఎవరికీ గుర్తురాదు. కట్నం మాట్లాడి, పూలదండ వేయించి, ఏమీ తెలియని ఆ బిడ్డ జీవితాన్ని ఆ చీకట్లోకి తోస్తారు. శ్రీసభ చట్టం ఈ విషయంలో కఠినంగా ఉంది. 1103వ సూత్రం ప్రకారం బలవంతం మీద, భయం మీద జరిగిన వివాహం చెల్లదు. దాంపత్యాన్ని దెబ్బతీసే లక్షణాన్ని మోసంతో దాచి ఒప్పించిన పెళ్ళి కూడా చెల్లదని 1098వ సూత్రం చెబుతుంది. పెళ్ళి ప్రకటనలు చదివించే ముందు తల్లిదండ్రులు ఈ రెండూ తెలుసుకోవాలి.

ఇంకొక సంగతి. బ్రహ్మచారి గురువుకు గురుగృహం ఉంది, వంట చేసి పెట్టేవారున్నారు, పండుగకు పిలిచేవారున్నారు, తోటి గురువులున్నారు. ఇన్ని ఉన్నా ఫాదర్ నౌవెన్ కూలిపోయారు. మఠకన్యకు మఠం ఉంది. రేపల్లెలో అద్దెగదిలో ఒంటరిగా ఉంటూ, శ్రీసభ మాట నిలబెట్టాలని కష్టపడే నలభై ఏళ్ళ సామాన్య విశ్వాసికి ఏముంది? యువజన సంఘంలో వయసు దాటిపోయింది. దంపతుల సంఘంలో చోటు లేదు. మరియ సేనాదళంలోనో, విన్సెంట్ డి పాల్ సభలోనో చేర్చుకుంటే ఆ వారానికి ఒక సాయంత్రం గడుస్తుంది. పూజ అయ్యాక గుడి వాకిట్లో అందరూ వేసే ప్రశ్న మాత్రం ఒక్కటే, పెళ్ళెప్పుడని. మాకంటే ఎక్కువ కష్టమైన దానిని వారి నుంచి కోరుతూ, మాకున్న ఆసరాలో పదోవంతు కూడా వారికి ఇవ్వడం లేదు. ఇది న్యాయమని నేను ఏ తత్వశాస్త్రంతోనూ సమర్థించలేను.

ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. క్రిస్మస్ రోజున అతనిని భోజనానికి పిలవండి, మొహమాటానికి కాక, ప్రతి ఏడూ. మీ బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలబెట్టండి. జ్ఞానతండ్రి అయితే చుట్టమే. జ్వరమొస్తే జావ పట్టుకెళ్ళండి. అతని రహస్యం అడగకండి. అతనే చెబితే మీ భార్యకైనా చెప్పకండి. ఆడపిల్ల విషయంలోనూ ఇంతే, పైగా ఆమెకు ఒంటరిగా అద్దె ఇల్లు దొరకడం కూడా కష్టం.

ఫాదర్ నౌవెన్ చివరి ఏళ్ళలో ఈ సంగతి బహిరంగంగా చెప్పాలా వద్దా అని చాలా మథనపడ్డారు. ఎయిడ్స్ రోగులకు సేవచేసేవారి సమావేశాలకు వెళ్ళి వచ్చాక ఆ మథనం పెరిగింది. చెప్పమన్నవారున్నారు, చెబితే ఆ ఒక్క ముద్రతోనే ఆయనను చూస్తారని, రాసినదంతా మరుగున పడుతుందని వారించినవారున్నారు. చెప్పలేదు. దానికి ఆయనను పిరికివాడన్నవారు ఇప్పటికీ ఉన్నారు. నేను ఒప్పుకోను. వీధిలో చెప్పడం అందరి విధి కాదు. ఎవ్వరికీ చెప్పుకోలేకపోవడం మాత్రం మనిషిని తినేస్తుంది. చెప్పుకోవడానికి ఆయనకు పదిమంది మిగలడం దేవుని దయ.

ఆ రోజుల్లో ఆయనకు సర్కస్ పిచ్చి పట్టింది. 1991లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో తండ్రితో కలిసి సర్కస్‌కు వెళ్ళి, ఎత్తయిన ఉయ్యాలల మీద ఎగిరే దక్షిణాఫ్రికా బృందాన్ని చూశారు. వదల్లేకపోయారు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి, వారితో పరిచయం చేసుకుని, వారి బండ్ల వెంట కొన్నాళ్ళు ఊరూరా తిరిగారు. అరవై ఏళ్ళ గురువు! వారి దగ్గర ఆయన తెలుసుకున్న కిటుకు ఒకటి. ఉయ్యాల వదిలి ఎగిరినవాడు అవతలివాడి చేతులను తాను పట్టుకోవడానికి ప్రయత్నించకూడదు. ప్రయత్నిస్తే మణికట్లు విరుగుతాయి. చేతులు చాచి కదలకుండా ఉండాలి, పట్టుకునేవాడే పట్టుకుంటాడు. దీని మీద ఒక పుస్తకం రాయాలనుకున్నారు. పూర్తికాలేదు. ఆ కాగితాలను ఆధారం చేసుకుని 2022లో ఒక పుస్తకం వచ్చింది.

1996 సెప్టెంబరులో, రెంబ్రాంట్ చిత్రం మీద టెలివిజన్ కార్యక్రమం తీయడానికి, ఆ చిత్రం ఉన్న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు బయలుదేరారు. దారిలో స్వదేశంలోని హిల్వర్సమ్‌లో ఆగినప్పుడు గుండెపోటు వచ్చింది. తొంభై దాటిన తండ్రి, తమ్ముళ్ళు, చెల్లెలు ఆసుపత్రికి వచ్చారు. కెనడా నుంచి ఆ మిత్రుడు విమానమెక్కి వచ్చాడు. కోలుకుంటున్నారనుకునేలోపే, 21వ తేదీ తెల్లవారుజామున రెండవసారి వచ్చింది. వయసు 64.

ఉట్రెక్ట్ ప్రధానాలయంలో అంత్యపూజ జరిగాక, డేబ్రేక్ వారు ఆయనను తమ ఇంటికి తీసుకుపోయారు. శవపేటిక సంఘంలోని వడ్రంగి షెడ్డులో తయారయింది. దాని మూతను అక్కడి బుద్ధిమాంద్యం గలవారు తమకు తోచిన రంగులతో, తమకు తోచిన బొమ్మలతో నింపారు. ముందు కింగ్ సిటీలోని కతోలిక శ్మశానంలో సమాధి చేశారు. 2010లో ఆ భౌతికకాయాన్ని రిచ్మండ్ హిల్‌లోని ఒక ఆంగ్లికన్ గుడి శ్మశానానికి మార్చారు. డేబ్రేక్ సంఘం సభ్యులు, ఏ సభకు చెందినవారైనా, పక్కపక్కనే ఉండడానికి అక్కడ వీలుంది.